దోసపాదుది ఆకలి కాదు

విశాఖ కూర్మన్నపాలెంలో మిద్దె మీదో పెరట్లోనో కీర దోస వేసినవాళ్లను ఎవరినైనా పలకరించండి. పాదు ఎందుకు కాయలేదంటే అందరిదీ ఒకటే జవాబు: "బలం సాల్లేదు." పూలు రాలిపోతే బలం చాలలేదు. పిందె పసుపెక్కి ఊడిపోతే బలం చాలలేదు. కాయ చేదైనా, వంకర తిరిగినా, మిట్టమధ్యాహ్నం ఆకు వేలాడినా బలమే చాలలేదు. ఆ మాట అన్న గంటలో పాదు మొదట్లో ఏదో ఒకటి పడుతుంది. ఒకరు గుప్పెడు డీఏపీ వేస్తారు, ఇంకొకరు వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లు పోస్తారు, మరొకరు అరటితొక్కలు ఊరబెట్టి వడకట్టి పోస్తారు. నర్సరీలో చెప్పేదీ ఇదే, మిద్దెతోటల వీడియోల్లో వినిపించేదీ ఇదే, పక్కింటివాళ్లు ప్రేమగా ఇచ్చే సలహా కూడా ఇదే.

ఈ నమ్మకం తప్పు. ఏదో కాస్త అటూ ఇటూగా తప్పు కాదు, మొదలంటా తప్పు. నేను చూసిన కాయని దోసపాదుల్లో చాలావాటికి తిండి తక్కువ కాలేదు. కొన్నింటికి తిండి ఎక్కువై కాపు పోయింది, మిగతావాటి ఇబ్బంది మట్టికి సంబంధించిందే కాదు. జ్వరం వచ్చిన బిడ్డకు బలం కోసమని అన్నం కుక్కినట్టుంది మనం చేస్తున్న పని.

ఈ నమ్మకానికి ఇంత బలం ఎక్కడిదో ముందు చూడాలి. ఎరువు వేశాక కాయలు రావడం జనం కళ్లారా చూస్తున్నారు. ఆ చూపులోనే పొరపాటు ఉంది. మామూలు కీర దోసకు ఒకే తీగ మీద మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. ముందు వచ్చేవి మగపూలు. వారం పది రోజులు, వేసవి వేడిలో అయితే ఇంకా ఎక్కువ రోజులు, అవే పూస్తాయి, అవే రాలతాయి. వాటి పని అంతే, రాలడం వాటి ధర్మం. ఆ తర్వాతే కింద చిన్న పిందెతో ఆడపూలు మొదలవుతాయి. ఇంటాయన మగపూలు రాలడం చూసి నాలుగో రోజునో ఐదో రోజునో కంగారుపడి డీఏపీ వేస్తాడు. మరో పది రోజులకు ఆడపూలు వస్తాయి, పిందెలు కనిపిస్తాయి. "చూశారా, డీఏపీ పడగానే కాపు పట్టింది" అని వీధంతా చెబుతాడు. ఏమీ వేయకపోయినా ఆ రోజుకు ఆ పూలు వచ్చేవే. పక్కపక్కన రెండు పాదులు పెట్టి, ఒకదానికి వేసి ఒకదానికి మానేసి చూసినవాళ్లు ఎంతమంది? అలా చూడకుండా ఎరువుకు ఇచ్చిన కీర్తి అంతా తీగ వయసుకు దక్కాల్సింది.

పైగా ఆ ఎరువు మేలు చేయకపోగా కీడు చేసే వీలుంది. దోసజాతి తీగల్లో ఆడ, మగ పూల పాళ్లు పరిస్థితులను బట్టి మారతాయి. ఎక్కువ వేడి, పొడవైన పగళ్లు, ఎక్కువ నత్రజని, ఈ మూడూ పాదును మగపూల వైపే నెడతాయి. చల్లటి వాతావరణం, పొట్టి పగళ్లు ఆడపూలకు అనుకూలం. ఏప్రిల్‌లో విశాఖలో మొదటి రెండూ ఎలాగూ ఉన్నాయి. మూడోది మనమే గుప్పెటతో తెచ్చి పోస్తున్నాం. అప్పుడు పాదు పందిరంతా అల్లుకుంటుంది, అరచేతి కంటే పెద్ద ఆకులు వేస్తుంది, ముదురాకుపచ్చగా నిగనిగలాడుతుంది, కాయ మాత్రం ఉండదు. ఆ పచ్చదనం చూసి "పాదు బాగుంది, కాపుకే ఇంకాస్త బలం కావాలి" అని మళ్లీ వేస్తారు. ఆకు అంత నల్లగా, అంత లావుగా ఉన్న తీగకు నత్రజని కొరత ఉండదు. చదవడం తెలిస్తే ఆకే ఆ సంగతి చెబుతోంది.

ఇంతకీ దోసపాదు తినేది ఎంత? తీగజాతి కూరగాయలకు మన రాష్ట్రంలో వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే మోతాదు ఎకరాకు 6 నుంచి 8 టన్నుల పశువుల ఎరువు (గెత్తం), 32 నుంచి 40 కిలోల నత్రజని, దాదాపు అంతే భాస్వరం, అందులో సగం పొటాష్. ఎకరా అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. లెక్క కడితే చదరపు మీటరుకు మహా అయితే రెండు కిలోల గెత్తం, 10 గ్రాముల నత్రజని వస్తాయి. ఆ చోటులో రెండు పాదులుంటే ఒక్కోదానికి 5 గ్రాములు, అంటే 11 గ్రాముల యూరియా. అది కూడా ఒక్కసారికి కాదు, మొలక నుంచి ఆఖరి కాయ దాకా మొత్తానికీ అంతే, దాన్నీ రెండు మూడు దఫాలుగా వేయమంటారు. ఇప్పుడు గుప్పెడు డీఏపీ తూచండి. 30 గ్రాములకు తగ్గదు. డీఏపీలో 46 శాతం భాస్వరం ఉంటుంది కాబట్టి ఆ ఒక్క గుప్పెడుతోనే పాదు జన్మకు కావలసిన దానికి రెండున్నర రెట్లకు పైగా భాస్వరం కుండీలోకి వెళ్లింది. ఎక్కువైన భాస్వరం ఊరికే పడి ఉండదు, జింకు, ఇనుము వేరుకు అందకుండా అడ్డుపడుతుంది. చిగురాకులు తెల్లబోతాయి. అప్పుడు మళ్లీ "బలం సాల్లేదు."

ఇక్కడ సేంద్రియ పద్ధతివాళ్లు కలగజేసుకుంటారని తెలుసు. "మందులు వేస్తే అంతే మరి. మేం గెత్తం, చెక్క, కోళ్ల ఎరువు వాడతాం, అవి ఎంత వేసినా హాని లేదు" అంటారు. నా వాదన వాళ్లతో కూడా. పశువుల ఎరువులో నత్రజని అర శాతం ఉంటుంది కాబట్టి దానితో పొరపాటు చేయడం కష్టం. అది మన పెద్దలు కాపాడి ఇచ్చిన మేలు. కోళ్ల ఎరువు అలా కాదు, దాదాపు మూడు శాతం. కిలో కోళ్ల ఎరువు కుండీలో పోయడమంటే 65 గ్రాముల యూరియాకు సమానమైన నత్రజని పోయడం. వేరుశనగ చెక్కలో ఏడు శాతం దాకా, వేపపిండిలో ఐదు శాతం దాకా ఉంటుంది. పైగా పచ్చిగా వేసిన చెక్క కుండీలోనే కుళ్లుతుంది, వేడెక్కుతుంది, అమ్మోనియా వదులుతుంది. దోస వేళ్లు చాలావరకు మట్టి పైపొరలోనే, అడుగు లోతులోపే పాకుతాయి. ఆ వేడి, ఆ వాయువు తగిలేది సరిగ్గా వాటికే. రాత్రికి రాత్రి పాదు వడలిపోతే "వేరుకుళ్లు వచ్చింది" అంటారు తప్ప చెక్క వల్ల అనరు, ఎందుకంటే చెక్క మంచిది కదా.

ఎరువుల సంగతి విశాఖవాళ్లకు ఎవరో వచ్చి చెప్పాల్సిన పని లేదు. శ్రీహరిపురం దగ్గర కోరమాండల్ ఎరువుల కర్మాగారం 1967 నుంచి ఉంది. కూర్మన్నపాలెం గోడ అవతల ఉక్కు కర్మాగారంలోనూ ఒక ఎరువు తయారవుతుంది. కోక్ ఓవెన్లలో బొగ్గును గాలి తగలకుండా కాల్చినప్పుడు, కోట్ల ఏళ్ల కిందటి చెట్ల నుంచి బొగ్గులో మిగిలిన నత్రజని కొంత అమ్మోనియాగా బయటికొస్తుంది. ఆ వాయువును సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కడిగితే అమ్మోనియం సల్ఫేట్ స్ఫటికాలు దిగుతాయి. అందులో 21 శాతం నత్రజని, 24 శాతం గంధకం. ఆ నత్రజని ఒకప్పటి ఆకులదే, గెత్తంలోనిది నిన్నటి గడ్డిది. వేరు దగ్గరికి చేరేసరికి రెండూ అమ్మోనియంగానో నైట్రేట్‌గానో మారతాయి, వేరు ఆ రూపంలోనే తీసుకుంటుంది. కాబట్టి ఒకటి విషం, ఒకటి అమృతం అనే పంచాయతీ దోసపాదుకు అక్కరలేదు. తేడా లేదని కాదు, ఉంది. అమ్మోనియం సల్ఫేట్ పదేపదే వేస్తే మట్టి పులుస్తుంది, గెత్తం వేస్తే మట్టి గుల్లబారి నీళ్లు పట్టి ఉంచుతుంది. నేను గెత్తానికే ఓటు వేస్తాను, అయితే దాని బలాన్ని చూసి కాదు. మన ఎర్రమట్టి ఎండితే గట్టిపడి పెంకులా బిగుసుకుంటుంది, నీళ్లు పోస్తే పక్కలకు జారిపోతాయి. గెత్తం ఆ గుణాన్ని మారుస్తుంది. దాని అసలు విలువ అక్కడుంది.

జీవామృతం మీద కూడా ఒక మాట చెప్పాలి. సుభాష్ పాలేకర్ చెప్పిన కొలత 200 లీటర్ల నీటికి 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గుప్పెడు మట్టి. ఇది మొక్కకు తిండి కాదని, మట్టిలో సూక్ష్మజీవులను పెంచే తోడు మాత్రమేనని చెప్పింది ఆయనే. మన మిద్దెల మీద దాన్నే "టానిక్కు" చేసి, పువ్వు రాలినప్పుడల్లా చెంబుతో పోస్తున్నారు. ఆయన పద్ధతిని నమ్మేవాళ్లయినా ఆయన చెప్పినట్టు వాడాలి కదా.

మరి లోటు ఎక్కడుంది? లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త పందొమ్మిదో శతాబ్దంలో ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటుంది: పంటకు కావలసిన వాటిలో ఏది అన్నిటికంటే తక్కువగా ఉందో అదే దిగుబడిని శాసిస్తుంది, మిగతావి ఎంత పెంచినా లాభం లేదు. మన మిద్దెల మీద, మన పెరళ్లలో ఆ తక్కువైనది చాలాసార్లు తేనెటీగ.

దోస ఆడపువ్వు విచ్చుకుని ఉండేది ఒక్క రోజు. ఆ రోజు కూడా తెల్లవారాక కొన్ని గంటలే పని జరుగుతుంది. మగపువ్వు పుప్పొడి జిగురుగా, బరువుగా ఉంటుంది కాబట్టి గాలికి ఎగిరి రాదు. ఎవరో ఒకరు మోసుకు రావాలి. కాయలో ఒక్కో గింజ పట్టాలంటే ఒక్కో పుప్పొడి రేణువు కావాలి, కాయలో గింజలు వందల్లో ఉంటాయి. తేనెటీగ ఒకసారి వచ్చి వెళితే చాలదు, ఒక్కో పువ్వుకు ఎనిమిది పది సార్లు రావాలి. అసలు రాకపోతే పిందె రెండు మూడు రోజులకు పసుపెక్కి ముడుచుకుపోతుంది. కొద్దిగా వస్తే గింజ పట్టినవైపు కాయ ఊరుతుంది, పట్టనివైపు ఊరదు, కాయ వంకర తిరుగుతుంది. ఇప్పుడు మన మిద్దెలు చూడండి. కోతులు, పావురాల భయంతో చుట్టూ వల. ఎండ తగ్గాలని పైన ఆకుపచ్చ నెట్టు. పురుగు కనిపించినా కనిపించకపోయినా ఉదయాన్నే వేపనూనె పిచికారీ. పూల మొక్కలు చోటు దండగని తీసేశారు. నాలుగువైపులా అపార్టుమెంట్లు, మధ్యలో ఒక్క దోసపాదు. దానికి తేనెటీగ ఏ దారిన రావాలి? వచ్చే దారి మనమే మూసి, మొదట్లో ఎరువు పోస్తున్నాం.

దీన్ని నిరూపించడానికి పైసా ఖర్చు లేదు. ఉదయం ఆరు నుంచి తొమ్మిదిలోపు, అప్పుడే విచ్చిన మగపువ్వు ఒకటి తెంపండి. రేకులు తీసేయండి. కింద పిందె ఉన్న ఆడపువ్వు మధ్యలోని కీలాగ్రానికి ఆ పుప్పొడి మృదువుగా రాయండి. ఒక్కో ఆడపువ్వుకు రెండు మూడు మగపూలు వాడితే ఇంకా మంచిది. నాలుగు పూలకు ఇలా చేసి దారం కట్టి, నాలుగింటిని అలాగే వదిలేయండి. వారంలో జవాబు దొరుకుతుంది. దారం కట్టినవి ఊరి, కట్టనివి రాలితే ఇక ఎరువు మాట ఎత్తకూడదు. ఎరువు బస్తా కొనేముందు ఈ పరీక్ష చేయమని ఎవరూ ఎందుకు చెప్పరు? బస్తా అమ్మవచ్చు, తేనెటీగను అమ్మలేరు. అమ్మేవాళ్లను మాత్రమే తప్పుపట్టను. ఏదో ఒకటి "వేయడం" మనకు తృప్తి, పువ్వు దగ్గర కూర్చుని చూడటం మనకు పని అనిపించదు.

విత్తనం దగ్గర కూడా మోసపోతున్నాం. పాలీహౌస్‌ల కోసం తయారైన కొన్ని హైబ్రిడ్లకు అన్నీ ఆడపూలే వస్తాయి, పరాగం లేకుండానే కాయ ఊరుతుంది. తేనెటీగలు రాని మిద్దెకు అవే నయం. బహిరంగ పొలానికి ఉద్దేశించిన రకం తెచ్చి, పాలీహౌస్ వీడియోలో కాపు చూసి, తేడా ఎరువులో ఉందనుకోవడం వాడుకైపోయింది. పొట్లం మీద ఏమని రాసి ఉందో చదవండి.

పిందె రాలడానికి ఇంకో కారణం పండు ఈగ. లేత పిందెకు సూదిలాంటి అవయవంతో రంధ్రం చేసి లోపల గుడ్లు పెడుతుంది. అక్కడ చిన్న జిగురుబొట్టు కనిపిస్తుంది, పిందె మెత్తబడి రాలుతుంది. కోసి చూస్తే తెల్ల పురుగులు. దానికి పొటాష్ వేసి ఏం లాభం? పండు ఈగలను లాగే క్యూలూర్ ఎర ఉన్న బుట్ట ఒకటి వేలాడదీయాలి, రాలిన పిందెలను ఏ రోజువి ఆ రోజే ఏరి ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి ఎండలో పడేయాలి. చాలామంది వాటిని కంపోస్టు తొట్టిలో వేస్తారు, అక్కడి నుంచి కొత్త ఈగలు లేచి మళ్లీ పాదు మీదికి వస్తాయి.

ఇక నీళ్లు. కీర కాయలో 95 శాతం నీళ్లే. అది ఊరేది నీళ్లతోనే. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు ముంచేస్తే పాదు బెదురుతుంది, కాయలో కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం పెరుగుతుంది. మధ్యాహ్నం ఆకు వేలాడటానికి కారణం కూడా సాధారణంగా శ్లాబు వేడికి, చిన్న కుండీలో ఇరుక్కున్న వేరు ఆకు అడిగినంత నీరు అందించలేకపోవడమే. అప్పుడు 19:19:19 అనే నీటిలో కరిగే ఎరువు కలిపి పోస్తే ఏమవుతుంది? రసాయన ఎరువులు చాలావరకు ఉప్పులే. మట్టినీటిలో ఉప్పు పెరిగేకొద్దీ వేరు నీళ్లు లాగడం కష్టమవుతుంది. కూరగాయల్లో దోస ఉప్పును పెద్దగా తట్టుకునేది కాదు. బోరునీళ్లే ఉప్పగా ఉండే ఇళ్లలో ఇది రెట్టింపు శిక్ష. కుండీ అంచున తెల్లటి పొర కడితే అది పాదు మంచినీళ్లు అడుగుతోందనడానికి గుర్తు. అడుగు కన్నం నుంచి ధారగా కారిపోయేదాకా మంచినీళ్లు పోసి ఆ ఉప్పును కడగాలి. దాహానికి ఉప్పునీళ్లు ఇవ్వడం కంటే క్రూరమైన పని ఏముంటుంది?

నా వాదనకు వచ్చే గట్టి ఎదురుమాట ఒకటుంది. దాన్ని దాటవేయను. ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన ఊళ్ల నుంచి వచ్చి గాజువాక, వడ్లపూడి, కూర్మన్నపాలెం, అగనంపూడి నిర్వాసితుల కాలనీల్లో స్థిరపడిన పెద్దవాళ్లు అంటారు: "మా ఊర్లో గెత్తం కుప్ప మీద పడి మొలిసిన దోసపాదు ఎవులూ సూడకండా ఇరగ్గాసీది. అది బలం కాదా?" వాళ్ల అనుభవం అబద్ధం కాదు. అయితే ఆ కుప్ప మీద ఉన్నది బలం ఒక్కటేనా? వేరు పాకడానికి హద్దు లేని నేల. లోపల ఎప్పుడూ ఆరని తేమ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అడ్డులేని ఎండ. చుట్టూ నువ్వుచేలు, కందిచేలు, కంచెల నిండా అడవిపూలు, వాటి మీద తేనెటీగలు. తరతరాలుగా ఆ వానకు, ఆ వేడికి అలవాటుపడ్డ నాటు విత్తనం. పైగా ఆ గెత్తం ఏడాది మాగినది. ఆ ఆరింటిలో ఐదు వదిలేసి ఒక్కదాన్ని సంచిలో కట్టి మూడో అంతస్తుకు మోసుకొచ్చి, ఊళ్లో కాపు ఇక్కడ రాలేదని బాధపడుతున్నాం. ఆ పెద్దలకు భూమితో పాటు ఆ ఐదూ పోయాయి. ఆ లోటును ఎరువుతో పూడ్చమని చెప్పడం వాళ్ల జ్ఞానానికీ అన్యాయమే.

ఇంకో ఎదురుమాట కూడా న్యాయమైనది: కుండీలో మట్టి కొంచెమే, రోజూ పోసే నీళ్లకు సారం కొట్టుకుపోతుంది, కొబ్బరిపొట్టులో అయితే మొదటే సారం లేదు, కాబట్టి పోషకాలు ఇస్తూ ఉండాలి. నిజమే. కానీ దాని అర్థం కొద్దికొద్దిగా, తరచుగా అని. గుప్పెళ్లతో అని కాదు, పువ్వు రాలిన ప్రతిసారీ అని అసలే కాదు. నిజంగా కొరత ఉన్నప్పుడు అది దాగదు. నత్రజని చాలకపోతే కింది ముదురాకులు ముందు పాలిపోయి పసుపెక్కుతాయి, తీగ సన్నబడుతుంది. పొటాష్ చాలకపోతే ముదురాకుల అంచులు మాడతాయి. అరటితొక్క నీళ్లలో ఉండే పొటాష్ స్వల్పం, అందులోని తీపికి చీమలు మాత్రం తప్పకుండా వస్తాయి. గుడ్డుపెంకులు సున్నపురాయి లాంటివే, పులుపు లేని మట్టిలో ఈ పంటకాలంలో కరగవు. వేయాలనిపిస్తే వేయండి, వాటిని నమ్ముకుని అసలు పని మానకండి.

ఆ అసలు పని ఏమిటో చెప్పి ముగిస్తాను. వాన పంటకు జూన్, జులైలో, వేసవి పంటకు జనవరి, ఫిబ్రవరిలో గింజ నాటండి. నాటేముందే బాగా మాగిన గెత్తం మట్టిలో కలపండి. కుండీ వీలైనంత పెద్దది తీసుకోండి, మట్టి మీద ఎండుగడ్డో ఎండుటాకులో కప్పండి. పక్కన రెండు బంతి మొక్కలు, ఒక తులసి, కోయకుండా పూతకు వదిలేసిన కొత్తిమీర ఉండనివ్వండి. పూత కాలంలో వల ఉదయంపూట ఎత్తి ఉంచండి, పిచికారీ తప్పనిసరైతే పొద్దుగూకాకే చేయండి. సలహా ఇచ్చేవాళ్లు, ముఖ్యంగా నర్సరీల్లో కూర్చున్నవాళ్లు, బస్తా పేరు చెప్పేముందు మూడు ప్రశ్నలు అడగాలి: రాలేవి మగపూలా, ఆడపూలా? ఉదయం తేనెటీగలు కనిపిస్తున్నాయా? నీళ్లు రోజూ ఒకే తీరున పడుతున్నాయా? ఈ మూడూ సరిగ్గా ఉండి కూడా కింది ఆకులు పాలిపోతుంటే, అప్పుడు లీటరు నీటికి రెండు గ్రాముల యూరియా కలిపి, ముందే తడిపిన మట్టి మీద, సాయంత్రం పూట పోయండి. మళ్లీ పోసేముందు పది రోజులు ఆగండి.